ఇద్దరికి సరిపోయే బొంత

తెలుగునాట సర్కారు ఆసుపత్రికి దానం అనగానే గుర్తొచ్చేది ఎవరిదో ఒకరి పుట్టినరోజు. హీరోదైనా కావచ్చు, ఎమ్మెల్యేగారిదైనా కావచ్చు. తెల్లచొక్కాల బృందమొకటి పిల్లల వార్డులోకి వస్తుంది. మంచానికో రొట్టె ప్యాకెట్టు, రెండు అరటిపళ్లు, ఒక ఫొటో. చలికాలమైతే రొట్టెకు రగ్గు తోడవుతుంది. రొట్టె ఆ పూటతో సరి. రగ్గు మిగులుతుంది. దాన్ని చివరికి ఎవరు కప్పుకున్నారు, ఎన్ని ఉతుకులకు ఆగింది, అసలు ఆ వార్డుకు కావలసింది అదేనా అని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

శృంగవరపుకోటలో ఈ ప్రశ్న అడిగి తీరాలి. విశాఖ నుంచి అరకు పోయే దారిలో, ఘాటీ ఎక్కబోయే ముందు తగిలే పెద్ద ఊరు ఎస్.కోట. కొత్తవలస–కిరండూల్ రైలు కూడా ఈ ఊరు దాటాకే బొడ్డవర, శివలింగపురం మీదుగా కొండెక్కుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అరకు లోయలో పది డిగ్రీల లోపు చలి ఏటా పత్రికల్లో వచ్చే వార్తే. ఆ గాలి తెల్లవారుజామున కోట మీదికీ దిగుతుంది. దారపర్తి పంచాయతీ కొండ ఊళ్ల నుంచి గర్భిణులను, జబ్బు చేసిన పిల్లలను డోలీ కట్టి మోసుకొస్తే మొదట చేరేది ఈ ఊరికే. ఇక్కడ కుదరని కేసు విజయనగరం ఘోషాసుపత్రికి, అక్కడా కుదరకపోతే విశాఖ కేజీహెచ్‌కు పోతుంది. డోలీలో వచ్చే బిడ్డ ఒంటిమీద ఉండేది తల్లి పాతచీర. మంచం ఎక్కాక కప్పేది ఆసుపత్రి దుప్పటి, అదీ ఉంటేనే.

ముక్కూమొహం తెలియని పిల్లల కోసం దుప్పట్లు చేత్తో కుట్టి, అల్లి ఆసుపత్రులకు ఇవ్వడం చాలా దేశాల్లో పెద్ద ఉద్యమం. అది ఎందుకు పుట్టింది, నిజంగా పనిచేస్తుందా, మన వార్డులకు ఏ మేరకు అతుకుతుంది అన్నవి కలిపి చూడాల్సిన విషయాలు.

ఈ పనిలో అందరికంటే పేరున్నది అమెరికాలోని ప్రాజెక్ట్ లైనస్. 1995 క్రిస్మస్ ముందురోజున పెరేడ్ అనే పత్రికలో ఎడ్డీ ఆడమ్స్ తీసిన పిల్లల ఫొటోలు అచ్చయ్యాయి. సైగాన్ వీధిలో ఖైదీని కాల్చి చంపుతున్న ఫొటోకు పులిట్జర్ బహుమతి అందుకున్న ఆడమ్సే ఈయన. ఆ ఫొటోల్లోని ఒక చిన్నారికి రక్త కేన్సర్. కీమోథెరపీకి వెళ్లిన ప్రతిసారీ తన చిన్న దుప్పటి వెంట ఉండేదని, అదే తనను గట్టెక్కించిందని ఆ పాప చెప్పుకుంది. అది చదివిన కరెన్ లౌక్స్ అనే కొలరాడో మహిళ డెన్వర్‌లోని పిల్లల కేన్సర్ కేంద్రానికి చేతితో చేసిన దుప్పట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. చార్లెస్ షుల్జ్ గీసిన ‘పీనట్స్’ కార్టూన్లో ఎప్పుడూ దుప్పటి ఈడ్చుకుంటూ తిరిగే పిల్లాడి పేరు లైనస్. సంస్థకు ఆ పేరే పెట్టారు. ఊరూరా శాఖలు వచ్చాయి, ఇచ్చిన దుప్పట్లు లక్షలు దాటాయి. నిబంధనలు కొద్దే కానీ గట్టివి. దుప్పటి కొత్తదై ఉండాలి, చేత్తో చేసినదై ఉండాలి, మెషీన్లో ఉతకడానికి వీలుండాలి, సిగరెట్ పొగ వాసన తగలకూడదు, గుండుసూది ఒక్కటి కూడా మిగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఇచ్చిన దుప్పటి ఆసుపత్రిది కాదు, బిడ్డది. ఇంటికి తీసుకుపోవచ్చు.

దీనికి ముందే మరో ప్రయత్నం జరిగింది. 1988లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఎలెన్ ఆల్‌గ్రెన్ అనే పెద్దావిడ ఎయిడ్స్ సోకిన పసికందుల కోసం చిన్న బొంతలు కుట్టించడం మొదలుపెట్టారు. ఆ జబ్బు పేరు చెబితే పెద్దలే భయపడి దూరం జరుగుతున్న రోజులవి. అందుకే ఆ బొంత ఇచ్చింది వెచ్చదనం ఒక్కటే కాదు, ఈ బిడ్డను ముట్టుకోవచ్చన్న ధైర్యం కూడా.

మరి, దుప్పటి పట్టుకుంటే పిల్లలకు నిజంగా ధైర్యం వస్తుందా? బ్రిటన్‌కు చెందిన పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1951లో ఈ విషయాన్ని సిద్ధాంతం స్థాయికి తెచ్చారు. తల్లి నుంచి వేరుపడటం నేర్చుకునే వయసులో బిడ్డ ఒక గుడ్డపీలికనో బొమ్మనో పట్టుకుని ఆ ఎడబాటును దాటుతుందని ఆయన వాదన. తర్వాత దాన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. 2000లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో మూడేళ్ల పిల్లలకు మామూలు వైద్య పరీక్షలు చేస్తూ గమనించారు. దుప్పటి అలవాటున్న పిల్లలకు ఆ దుప్పటి దగ్గరుంటే, తల్లి దగ్గరున్నంత పనీ చేసింది. ఇక్కడ కంటికి ఆనకుండా జారిపోయే మాట ఒకటుంది: అలవాటున్న పిల్లలకు. ఊరూపేరూ లేని కొత్త దుప్పటి ఆ మాయ చేస్తుందని ఆ అధ్యయనం అనలేదు.

పైగా ఆ అలవాటు అన్నిచోట్లా ఒకేలా లేదు. ఇటలీలో గడ్డీని దంపతులు 1970లో ఇచ్చిన లెక్క ప్రకారం, పల్లె పిల్లల్లో గుడ్డకో బొమ్మకో అతుక్కుపోయినవాళ్లు నూటికి అయిదుగురు కూడా లేరు. రోమ్ నగరంలో ముప్పై ఒకరు. అదే రోమ్‌లో కాపురమున్న ఇంగ్లిషువాళ్లు, అమెరికన్ల వంటివాళ్ల పిల్లల్లో అరవై దాటారు. 2003లో టోక్యో, న్యూయార్క్ పిల్లలను పోల్చినప్పుడు కూడా టోక్యోలో 38 శాతం, న్యూయార్క్‌లో 62 శాతం తేలింది. తల్లి పక్కన పడుకునే పిల్లలకు గుడ్డపీలిక అవసరం తక్కువ, వేరే గదిలో ఒంటరిగా పడుకునే పిల్లలకు ఎక్కువ. ఈ లెక్క మన ఇళ్లకు కొత్తేమీ కాదు. ఎస్.కోట చుట్టుపక్కల ఊళ్లలో అయిదేళ్లు వచ్చినా అమ్మ చెంగు పిడికిట్లో లేనిదే నిద్రపోని గుంటలు ఇంటింటా ఉంటారు. వాళ్లకు కావలసిన దుప్పటి అమ్మ కట్టుకునే ఉంటుంది.

పాశ్చాత్య దేశాల్లో ఆసుపత్రి దుప్పటికి అంత విలువ ఎందుకొచ్చిందో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి పోవాలి. ఒకప్పుడు అక్కడి పిల్లల వార్డుల్లోకి తల్లులను రానిచ్చేవారు కాదు. వారానికి ఒకరోజు, గంటో రెండు గంటలో, అంతే. తల్లి వస్తే బిడ్డ ఏడుస్తుందని, అంటురోగాలు వస్తాయని కారణాలు చెప్పేవారు. లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా తీశాడు: రెండేళ్ల పాప చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. మొదట ఏడుస్తుంది, తర్వాత మానేస్తుంది, చివరికి తల్లి వచ్చినా మొహం తిప్పుకుంటుంది. ఆ రోజులన్నీ పాప వదలకుండా పట్టుకున్నవి ఒక టెడ్డీబేర్, పుట్టినప్పటి నుంచీ ఉన్న చిన్న దుప్పటి. వైద్యులకు ఆ సినిమా చూపిస్తే మొదట్లో కోపగించుకున్నవాళ్లే ఎక్కువ. అయినా 1959లో బ్రిటిష్ ప్రభుత్వం వేయించిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులు ఎప్పుడంటే అప్పుడు వచ్చి పిల్లలను చూసుకోవాలని, చిన్నపిల్లల దగ్గర తల్లి ఉండిపోయే వీలుండాలని సిఫారసు చేసింది. దుప్పటి అక్కడ తల్లి లేని లోటు పూడ్చడానికి వచ్చింది.

మన దగ్గర వార్డు తీరు వేరు. సర్కారు ఆసుపత్రిలో పిల్లాడిని చేర్చుకున్నారంటే తల్లిని చేర్చుకున్నట్టే. పగలు మంచం అంచున కూర్చుంటుంది. సెలైన్ సీసా ఖాళీ అయితే నర్సమ్మను పిలుస్తుంది, గంజి పడుతుంది, మూత్రం బట్టలు మార్చి బయట కొళాయి దగ్గర పిండి ఆరేస్తుంది. రాత్రి మంచం కింద గచ్చు మీద ఒక ప్లాస్టిక్ పట్టా పరుచుకుని, చీర కొంగే కప్పుకుని ముడుచుకుంటుంది. అర్ధరాత్రి బిడ్డ కదిలితే లేచి ఒళ్లోకి తీసుకుంటుంది. దాత తెచ్చిన రగ్గు బిడ్డ మీద ఉంటుంది. ఆ వార్డులో చలికి వణికేది తల్లి.

పిల్లల దుప్పట్ల గురించి ఇంతమంది ఇన్నేళ్లు చేసిన ఆలోచనలో మన ఆసుపత్రులకు తప్పకుండా కలపాల్సిన మాట ఇదే. ఇక్కడ దుప్పటి తల్లికి బదులు కాదు, తల్లికి కూడా.

మన దగ్గరా తల్లీబిడ్డల్ని విడదీసే గదులు లేకపోలేదు. ఒకటి ఐసీయూ. రెండోది ఎస్‌ఎన్‌సీయూ, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, బరువు తక్కువవాళ్లు, పుట్టగానే జబ్బుపడినవాళ్లు ఉండే గది. ఏళ్ల తరబడి తల్లులు ఆ గది తలుపు అద్దంలోంచే బిడ్డల్ని చూశారు. కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో తల్లిదండ్రులను లోపలికి రానిచ్చి, చేతులు కడగడం దగ్గర్నుంచి నేర్పించి, బిడ్డ సంరక్షణలో భాగం చేయమని మార్గదర్శకాలిచ్చింది. 2021లో వచ్చిన ఇంకో అధ్యయనం దీనికి గట్టి ఊతం. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితోపాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ఒక్కో ఆసుపత్రిలో, కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పుట్టిన పిల్లలను ఆరోగ్యం కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెలకు ఆనించి ఉంచారు. పాత పద్ధతిలో చనిపోయినవాళ్లు 15.7 శాతం. ఈ పద్ధతిలో 12 శాతం. అంటే చావుల్లో పావు వంతు తగ్గాయి. దీన్నే కంగారూ సంరక్షణ అంటున్నారు. కొలంబియాలోని బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ పద్ధతిని ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది.

పురిటి బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే పాలు పీల్చే ఓపిక పోతుంది, నెత్తురులో చక్కెర పడిపోతుంది. ఇక్కడ దాతలు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. వార్మర్ కింద పడుకోబెట్టిన బిడ్డకు దుప్పటి కప్పితే మేలు కాదు, కీడు. ఆ యంత్రం పైనుంచి వేడిని నేరుగా ఒంటి మీదికి పంపుతుంది. మధ్యలో గుడ్డ అడ్డొస్తే ఆ వేడి బిడ్డకు అందదు. ఆ గదికి పనికొచ్చేవి వేరే ఉన్నాయి. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, తల్లి గుండెకు బిడ్డను కట్టుకునే మెత్తని నూలు పట్టీ. ఇంకా చిన్నది, అరచేతిలో పట్టే గుడ్డ ముక్కల జత. ఒక ముక్క తల్లి రొమ్ము దగ్గర పెట్టుకుంటుంది, రెండోది బిడ్డ దగ్గర ఉంటుంది. మర్నాడు మార్చుకుంటారు. ఒకరి వాసన ఒకరికి అందుతుంది. బ్రిటన్‌లో అల్లికల సంఘాలు ఇలాంటి జతలు వేలల్లో తయారుచేస్తాయి. ఆరు రోజుల పసికందు కూడా తన తల్లి పాల వాసనున్న గుడ్డ వైపే మొహం తిప్పుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో ఐడన్ మక్‌ఫర్లేన్ 1975లోనే చూపించాడు. మన పాతచీర ఉయ్యాలలకు శాస్త్రం ఇచ్చిన సర్టిఫికెట్ అనుకోవచ్చు దీన్ని.

అన్నట్టు, పురిటి బిడ్డకు కొత్తబట్ట వేయకూడదన్న నియమం తెలుగిళ్లలో ఎప్పటినుంచో ఉంది. పొత్తిగుడ్డలంటే నలిగి నలిగి మెత్తబడ్డ నూలు పంచెలు, నేతచీరలు. గంజి పోయి, రంగు దిగిపోయి, ఎన్నోసార్లు ఎండలో ఆరిన గుడ్డ అది. పసిచర్మానికి గుచ్చుకోదు. ఆ గుడ్డలే పొరలు పొరలుగా కుడితే బొంత.

బొంత కుట్టే తీరు చూస్తే అందులో లెక్క ఎంతుందో తెలుస్తుంది. ముందుగా బలమైన పాతచీరను గచ్చు మీద నాలుగు మూలలా లాగి పరుస్తారు. పైన చిరిగిపోయిన పంచెలు, లంగా గుడ్డలు, తువ్వాళ్లు, ఎగుడుదిగుడు లేకుండా సర్దుతారు. మందం ఎక్కడ ఎంత అన్నది చేత్తో నిమిరి చూస్తారు. మళ్లీ పైన ఇంకో చీర. నాలుగంచులు లోపలికి మడిచి ముందు టాకాలు వేస్తారు. తర్వాత లావు సూదితో, రెండు పేటల దారంతో అంచు నుంచి లోపలికి, వరస వెంట వరస కుట్టుకుంటూ పోతారు. వరసలు దూరమైతే ఉతికినప్పుడు లోపలి గుడ్డ ఉండకడుతుంది. దగ్గరైతే బొంత బిరుసెక్కుతుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని కుడితే పని తొందరగా తెములుతుంది, ఊళ్లో కబుర్లూ తెములుతాయి. చేతికి అలవాటైన ఆడవాళ్లకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేని విద్య. బెంగాల్లో కాంథా, బీహార్లో సుజని, మహారాష్ట్రలో గోధడి, కన్నడ దేశంలో కౌది, అన్నీ ఈ ఇంటి పిల్లలే. కాంథా షోరూముకెక్కింది. బొంత మాత్రం మన అటకల మీదే ఉండిపోయింది.

దానాల వైపు మన దేశంలో చెప్పుకోదగ్గ పని జరగకపోలేదు. చెన్నైలో సుభశ్రీ నటరాజన్ మొదలుపెట్టిన మదర్ ఇండియాస్ క్రోషె క్వీన్స్ బృందం 2016 జనవరి 31న 11,148.5 చదరపు మీటర్ల క్రోషె దుప్పటిని ఒకచోట పరిచి గిన్నిస్ రికార్డు సాధించింది. అంతకుముందు రికార్డు దక్షిణాఫ్రికాలో మండేలా పేరిట దుప్పట్లు అల్లే ఉద్యమానిది. రికార్డు అయ్యాక చెన్నై దుప్పటిని ముక్కలుగా విడదీసి అవసరమున్నవాళ్లకు పంచాలన్నది మొదటినుంచీ ఉన్న ఆలోచనే. ఇలాంటి పనుల్లో రికార్డు ముందు నడిస్తే దానం వెనక నడుస్తుందని అనుమానించేవాళ్లుంటారు. ఆ అనుమానంలో కొంత నిజముంది. కానీ ఒంటరిగా ఇంట్లో కూర్చుని అల్లుకునే వందల మందిని ఒక పని మీదికి తెచ్చిన సాధనం ఆ రికార్డే.

అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టిన గూంజ్ సంస్థది వేరే దారి. పాతబట్టను భిక్షగా ఇవ్వకూడదు, ఊళ్లో చేసిన పనికి ప్రతిఫలంగా ఇవ్వాలన్నది దాని పద్ధతి. పనికిరాని బట్టలను సుజనీలుగా కుట్టించి వాడకంలోకి తేవడం కూడా అందులో భాగమే. 2015లో గుప్తాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పాతబట్టలిచ్చేటప్పుడు మన చేతులు ఎలా ప్రవర్తిస్తాయో ఆ సంస్థ బయటపెట్టినంత సూటిగా ఇంకెవరూ పెట్టలేదు. మనకు అక్కర్లేనిది ఇంకొకరికి తప్పక పనికొస్తుందని అనుకుంటాం. చలికాలంలో నైలాన్ చీర వస్తుంది, చంటిబిడ్డకు జరీ లంగా వస్తుంది.

కొన్న రగ్గుల సంగతీ అలాగే ఉంటుంది. తక్కువ ధరకు టోకున దొరికే రగ్గుల్లో చాలా భాగం హర్యానాలోని పానిపట్ సరుకు, పాత ఉన్ని బట్టలను చీల్చి మళ్లీ నూలు వడికి నేసినవి. వరద సహాయానికి అవి బంగారమే. ఆయాసంతో చేరిన పిల్లల వార్డులో మాత్రం నూగు రాలే రగ్గు ఇచ్చి దగ్గు తగ్గలేదనుకోవడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే. పొందూరు ఖద్దరు పుట్టిన నేలలో ఆసుపత్రి పిల్లలకు పాలియెస్టర్ పంచడం వింతగానే ఉంటుంది.

ఇక ప్రమాదాల మాట. ఏడాది లోపు బిడ్డ ఒంటరిగా నిద్రపోయే చోట వదులుగా ఉండే దుప్పట్లు, దిండ్లు, మెత్తని బొమ్మలు పెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం గట్టిగా చెబుతోంది. మొహం మీదికి జారితే తీసుకునే శక్తి ఆ వయసుకు ఉండదు. బరువు నింపిన దుప్పట్లయితే పసివాళ్లకు అసలు వద్దంది. డెన్మార్క్‌లో 2013లో మొదలై ప్రపంచమంతా పాకిన క్రోషె ఆక్టోపస్ బొమ్మలకూ ఇదే చిక్కు. నెలలు నిండని పిల్లలు దాని కాళ్లను బొడ్డుతాడనుకుని పట్టుకుంటారని, గొట్టాలు పీక్కోరని ప్రచారం. ముద్దుగానే ఉంటాయి, రుజువు మాత్రం లేదు. రెండో ప్రమాదం అంటురోగం. అమెరికాలోని న్యూ ఓర్లియన్స్‌లో ఒక పిల్లల ఆసుపత్రిలో 2008, 2009 సంవత్సరాల్లో అయిదుగురు పిల్లలు బూజు జాతి జబ్బు మ్యూకర్‌మైకోసిస్‌తో చనిపోయారు. వైద్యులు వెతుక్కుంటూ పోతే అది ఆసుపత్రి దుప్పట్లు, పక్కబట్టల దగ్గర తేలింది. కీమో తీసుకుంటున్న పిల్లల ఒంట్లో రోగనిరోధక శక్తి అడుగంటి ఉంటుంది. అందుకే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రిలాంటి చోటికి ఏదైనా ఇచ్చేముందు అక్కడి నర్సులను అడగకుండా ఇవ్వకూడదు. వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, మూట కట్టి, ఒక్కో బిడ్డకు ఒక్కోటిగా ఇవ్వాలి. ఒకే బొంత వార్డంతా తిరిగితే దానితోపాటు గజ్జి కూడా తిరుగుతుంది.

ఇవన్నీ విన్నాక కొందరు అడిగే ప్రశ్న సబబైనదే: ఇది సర్కారు చేయాల్సిన పని కాదా? ఫిన్లాండ్‌లో 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి తల్లులందరికీ ప్రభుత్వమే బిడ్డ బట్టల పెట్టె ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఎన్టీఆర్ బేబీ కిట్, తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ వచ్చాయి. దోమతెర పరుపు, తువ్వాలు, సబ్బు, పౌడరు అన్నీ పెట్టారు. ప్రభుత్వాలు మారితే కిట్ల పేర్లు మారతాయి, ఒక్కోసారి కిట్లే మాయమవుతాయి. వార్డులో పక్కబట్టల దగ్గరకొస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఇండెంట్ పెట్టాలి, సరుకు రావాలి, చాకలి కాంట్రాక్టు సరిగా నడవాలి. దాతల దుప్పటి ఈ బాధ్యతను ప్రభుత్వం నెత్తిమీంచి దింపకూడదు. మంచం మీద పరిచే దుప్పటి ఆసుపత్రి బాధ్యత. బిడ్డ ఇంటికి పట్టుకుపోయే బొంత దాతల పని. ఈ గీత స్పష్టంగా ఉంటే గొడవ లేదు.

ఇంకో గీత కూడా కావాలి. అమెరికాలో స్వచ్ఛందంగా దుప్పట్లు అల్లేవాళ్లలో చాలామంది రిటైరైనవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు. మన దగ్గర సూది పట్టే చేతుల్లో చాలావాటికి అది కూలి. నర్సాపురం క్రోషె లేసు పుట్టింది పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో, స్కాట్లాండ్ మిషనరీల చలవతో. 1982లో మరియా మీస్ రాసిన పుస్తకం ఆ లేసు అల్లే ఆడవాళ్ల శ్రమను ఇంటి గడప దాటని తీరికపనిగా చూపి కారుచౌకగా కొన్న సంగతి ప్రపంచానికి చెప్పింది. సేవ పేరుతో అదే మళ్లీ జరగకూడదు. కోవిడ్ మొదటి వేసవిలో, 2020లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు లెక్కన 16 కోట్ల మాస్కులు డ్వాక్రా మహిళల చేత కుట్టించాలని నిర్ణయించింది. డబ్బిచ్చి కుట్టించింది. ఆ కుట్టుమిషన్లూ ఉన్నాయి, ఆ చేతులూ ఉన్నాయి. ఎస్.కోటలో దాతలు పుట్టినరోజు రగ్గుల ఖర్చును స్థానిక డ్వాక్రా సంఘానికి బొంత కూలిగా ఇస్తే, గుడ్డ ఇళ్లలోంచి పాతచీరల రూపంలో వస్తుంది, డబ్బు ఊళ్లోనే ఉంటుంది.

సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం ప్రభుత్వం వసతి గృహం నడిపింది. నెలలు నిండుతుండగా ముందే వచ్చి అక్కడ ఉండేవారు, నొప్పులు మొదలైతే డోలీ కట్టే బాధ తప్పేది. అలాంటి నిరీక్షణలో ఉన్న తల్లికి రెండు మెత్తని చీరలు, లావు సూది, దారం ఇస్తే తన బిడ్డకు బొంత తనే కుట్టుకుంటుంది. పుట్టే బిడ్డకు అది ఊరూపేరూ లేని దుప్పటి కాదు. అందులో అమ్మ వాసన ముందే ఉంటుంది. ఏడాది దాటాక కప్పుకోవడానికి, అంతవరకు తల్లి ఒళ్లో పరుచుకోవడానికి పనికొస్తుంది. దాతలు కుట్టి ఇవ్వడంకంటే కుట్టుకునే సామాను ఇవ్వడమే ఇక్కడ మేలైన దానమని తోస్తుంది.

కుట్టి ఇవ్వాలనుకునేవాళ్లు మాత్రం ముందు ఒక పూట వెళ్లి హెడ్ నర్సును కలవాలి. ఏ వయసు పిల్లలు ఎక్కువ చేరుతున్నారు, ఎన్ని కావాలి, ఎక్కడ ఉతుకుతారు, ఎవరికి ఇవ్వకూడదు అని అడగాలి. నూలుగుడ్డ తప్ప వేరేది వద్దు. గుండీలు, పూసలు, తళుకులు కుట్టొద్దు. దాత పేరు, పార్టీ రంగు, ఫొటో అసలే వద్దు. కొలత మాత్రం పిల్లల దుప్పటి కొలత తీసుకోకండి. అయిదడుగులకు ఏడడుగులు ఉండనివ్వండి, ఆ రాత్రి గచ్చు మీద పడుకునే తల్లికీ ఒళ్లో పెట్టుకున్న బిడ్డకీ కలిపి సరిపోతుంది.